సీమకు వెళ్లిన మా మేనత్త

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు గ్రామచరిత్రకు సంబంధించిన వ్యాస మొకటి వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. చరిత్ర యనగానే రాజులు, కోటలు, శాసనములు స్ఫురించును. మన యూర కోట లేదు, శాసనమును లేదు. కాని యీ యూరినుండి సముద్రము దాటి పోయి, పరదేశమున ముప్పదియారేండ్లు రోగులకు పరిచర్య చేసి, తిరిగి వచ్చి యీ గ్రంథాలయముననే సాయంకాలములు గడపిన స్త్రీ యొకతె కలదు. ఆమె మా మేనత్త. మీలో అనేకులు ఆమె నెరుగుదురు. ఆమె పంపిన ధనమును గూర్చి యెల్లరకు తెలియును. ఆమె చేసిన పనిని గూర్చి తెలిసినవారు తక్కువ. ఆ కొరతను కొంత తీర్చుటకే యీ ప్రయత్నము.

పరిచర్య మన పూర్వుల దృష్టిలో అల్పమైన పని కాదు. చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునకు ఉపచారజ్ఞానము, దక్షత, రోగియందు అనురాగము, శుచిత్వము ఉండవలెనని అందే కలదు. అయినను రోగిని తాకువారిని చిన్నచూపు చూచుటయు మనలో ప్రాచీనమే. అశ్వినీదేవతలు వైద్యులై మానవులతో కలసి తిరుగుదురను కారణముచేత ఇంద్రుడు వారు సోమపానమునకు అర్హులు కారనెను. చ్యవనమహర్షి పట్టుబట్టి వారికి సోమభాగ మిప్పించిన కథ భారతమున అరణ్యపర్వమందును, భాగవతమున నవమస్కంధమందును కలదు. దేవవైద్యులకే పంక్తిలో చోటు దొరకుట కష్టమైనపుడు, మానవకాంతకు కష్టమగుటలో వింత యేమున్నది?

మా అత్తయ్య 1941లో జన్మించెను. పదునారవ యేట వివాహము, పందొమ్మిదవ యేట వైధవ్యము. సన్నిపాత జ్వరముతో భర్త మరణించుచుండగా ప్రక్కన కూర్చుండుట తప్ప తనకేమియు చేతకాకపోయెనని ఆమె జీవితాంతము చెప్పుచుండెను. ఆ దుఃఖమే ఆమెను గుంటూరునకు నడిపించెను. అమెరికా దేశీయురాలగు డాక్టరు అన్నా కుగ్లరు 1883లో వచ్చి, 1898లో ఆసుపత్రి నెలకొల్పిన పట్టణమది. స్త్రీలు వైద్యసేవ నేర్చుట అక్కడి జనులకు క్రొత్త కాదు. మన యూరికి మాత్రము క్రొత్త. "మంచాలు తుడిచే పనికి నా కూతుర్ని పంపనా?" అని మా తాతగారు మూడుదినము లన్నము ముట్టలేదట. ఆనాటి దేశస్థితి యెట్టిదనగా, 1946 నాటి భోర్ కమిటీ నివేదిక ప్రకారము దేశమందంతట నర్సులు సుమారు 7,000 మంది. అనగా 43,000 జనమునకు ఒక్కరు! అయినను సహాయ నర్సు శిక్షణలో చేరిన మా అత్తయ్య సెలవులకు వచ్చినపుడు, నూతికడ స్నానము చేసినగాని వంటయింట అడుగు పెట్టరాదని మా నాయనమ్మ కట్టడి చేసెను.

ఇక సీమ సంగతి. ఇంగ్లండులో 1948 జూలై 5వ తేదీన జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభమయ్యెను. ధనికుడు దరిద్రుడు అను భేదము లేక అందరకు వైద్య మందవలెనను నాశయము గొప్పది. కాని పనిచేయు చేతులు చాలలేదు. ఐర్లండు, వెస్టిండీసు దీవులు, మారిషసు, మలయా, భారతదేశము మొదలగు చోట్లనుండి యువతులను ఆసుపత్రులు పిలిపించుకొనెను. తనతో శిక్షణ పొందిన స్నేహితురాలు పంపిన చిరునామాకు అర్జీ పెట్టి, 1965లో మా అత్తయ్య బొంబాయిలో ఓడ యెక్కెను.

అచట నర్సులలో రెండు శ్రేణులు కలవని ఆమెకు వెళ్లినపిదపగాని తెలియలేదు. మూడేండ్లు చదివినవారు రిజిస్టర్డ్ నర్సులు. రెండేండ్లు చదివినవారు ఎన్‌రోల్డ్ నర్సులు. 1943 నాటి చట్టముతో ఏర్పడిన యీ రెండవ శ్రేణివారికి వార్డు పెత్తనము దక్కదు. అంతియకాదు, విదేశములనుండి వచ్చినవారిలో అనేకుల స్వదేశములలో ఆ రెండేండ్ల పట్టాకు పూర్తి నర్సు విలువ లేదు. ఈ భేదమును ముందుగా వివరింపకయే విదేశ యువతులను పెక్కుమందిని రెండవ శ్రేణిలో చేర్చుకొనిరని తరువాతి చరిత్రకారులు వ్రాసియున్నారు. వారిలో మా అత్తయ్య యొకతె. తిరిగి వచ్చినచో నర్సుగా నిలువలేదు. అక్కడనే యున్నచో పైకి రాలేదు.

మా తాతగారి పద్దుపుస్తకము నాయొద్ద నున్నది. అందు 1966 జనవరిలో "సీమ నుండి జమ" అని ఐదు పౌనులకు అరువదియారు రూపాయల చిల్లర కలదు. ఆ సంవత్సరము జూన్‌లో మన రూపాయి విలువ తగ్గింపబడగా అదే ఐదు పౌనులకు 105 రూపాయలు వచ్చినవి. 1967 నవంబరులో పౌను విలువ తగ్గగా 90 అయినవి. పౌను హెచ్చుతగ్గులు పైసలతో సహా అందున్నవి. ఆ ఐదు పౌనులకై ఆమె యెన్ని రాత్రులు మేల్కొనెనో ఆ పుస్తకమున లేదు.

ఆమెకు ముసలివారి వార్డులో రాత్రివిధి. 1968 ఏప్రిల్ 20న బర్మింగుహాములో ఈనాక్ పావెల్ అను నాయకుడు వలస వచ్చినవారికి విరుద్ధముగా ప్రసంగించెను. 1960 నుండి 1963 వరకు ఆరోగ్యమంత్రిగా నున్నవాడితడే! ఆ దినములలో ఒక వృద్ధురాలు "నీ నల్లచేతులతో నన్ను తాకకు" అని అత్తయ్యను కసరెనట. "మరి నువ్వేం చేశావత్తయ్యా?" అని నేనడిగితిని. "ఏం చేస్తానురా, ఆవిడ పక్క తడిసిపోయి ఉంది. దుప్పటి మార్చాను" అనెను.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన మీరెరుగనిది కాదు. వేలకొలది ప్రాణములు పోయినవి. ఆమెవద్దనుండి వచ్చిన జాబులో మన యూరి యిండ్లన్నియు వరుసగా, మాలపల్లె మాదిగపల్లెలతో సహా, పేరుపేరున వ్రాసి, ప్రతి పేరునకెదుట జవాబు వ్రాయుటకు ఖాళీ విడిచియుండెను. వార్డులో రోగుల పట్టికను నింపు చేయి యది.

1986లో ఇంగ్లండు నర్సు విద్యను సంస్కరింపదలచి, రెండవ శ్రేణి శిక్షణను మాన్పింప నిశ్చయించిరి. ఉన్నవారు మరల చదివి మొదటి శ్రేణికి మారవచ్చును. మా అత్తయ్య మరల పలక పట్టినది. 1991లో, ఏబదవ యేట, రిజిస్టర్డ్ నర్సు అయినది. ఆ సంగతి తెలుపుచు నాలుగు పుటల జాబు వ్రాసెను. అప్పటికి ఇంటి యుత్తరములు వ్రాయువాడను నేనే. ఇల్లు శ్లాబు వేయించు తొందరలో నుంటిమి. నేను వ్రాసిన జవాబులో సిమెంటు బస్తాల లెక్క, ఇనుము లెక్క, మేస్త్రీ కూలి కలవు. పరీక్షను గూర్చి యొక్క వాక్యమైనను లేదు. ధనము వచ్చినది. శ్లాబు పడినది. దానిక్రిందనే కూర్చుండి యిది వ్రాయుచున్నాను.

2001లో ఆమె ఉద్యోగ విరమణ చేసి వచ్చునప్పటికి మన గ్రంథాలయము పుట్టి సంవత్సరమే. ప్రతి సాయంకాలము కిటికీ ప్రక్క కుర్చీలో కూర్చుండి భారతము చదువుకొనెడిది. చక్కెరవ్యాధితో కాళ్లకు పుండ్లు పడినవారు పుస్తకము నెపముగా అక్కడికే వచ్చెడివారు; ఆమె కట్లు విప్పి, కడిగి, కట్టి పంపెడిది. పిమ్మట చేతులు కడుగుకొని పుట త్రిప్పెడిది. ఆ నీళ్ల తొట్టి నేటికిని వరండాలో నున్నది.

ఒకనాడు నేను చొరవ చేసి, "అన్నేళ్లలో మొత్తమెంత వెనకేశావత్తయ్యా?" అని యడిగితిని. ఆమె లోనికి పోయి చిన్న డబ్బా తెచ్చెను. అందు రెండు బ్యాడ్జీలు. "ఇది ఇరవై మూడేళ్లు పెట్టుకున్నాను. ఇది పదేళ్లు. రెండోది వచ్చిన రోజున వార్డులో కేకు కోశారు. ఇంటి నుంచి ఉత్తరం వస్తుందని చూశాను. వచ్చింది, సిమెంటు లెక్కతో" అని నవ్వెను. ఆ నవ్వులో కోపము లేదు. ఉన్నచో నాకు తేలికగా నుండెడిది.

2012లో ఆమె కన్నుమూసెను. సీమ ఆమె సేవను తీసికొని శ్రేణి నీయలేదు, ఇరువదియారేండ్లు గడచువరకు. మనము ఆమె ధనమును తీసికొని గౌరవము నీయలేదు, ఆమె మన కాళ్లపుండ్లు కడుగువరకు. సీమను నిందించుటకు నా కధికారము లేదు; నా పద్దు ముందు సరిచూచుకొనవలెను. నేడు మన యూరినుండి ముగ్గురు బాలికలు నర్సింగు చదువుచున్నారు. వారు దూరదేశములకు పోవచ్చును. వారికి జాబు వ్రాయువారు మొదటి వాక్యమున వారి పనిని గూర్చి యడుగవలెనని నా మనవి.

ఆ రెండు బ్యాడ్జీలను రజతోత్సవ సందర్భమున గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. వీనిని భారత సంపుటములున్న బీరువాలో, అరణ్యపర్వము ప్రక్కన నుంచవలసినదిగా కార్యవర్గమువారిని కోరుచున్నాను.