అంతస్తులు ఎవరి ఆస్తి?

దేవరకొండ ప్రాంతంలో నేను పెరిగిన ఊళ్లో దసరా వెళ్లగానే గుంపు మేస్త్రీ దిగేవాడు. ఇంటింటికీ అడ్వాన్సు ఇచ్చి, ఆలుమగలిద్దరినీ పనికి తీసుకుపోయేవాడు. పాలమూరు, నల్లగొండ మెట్ట ప్రాంతాల నుంచి అలా వెళ్లినవాళ్లు ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు, నగరాలలో మేడలు లేపారు. వాళ్లు లేపిన మేడలలో వాళ్లకు చోటెందుకు లేదు?

ఈ ప్రశ్నకు కొంతకాలంగా ఒక తేలిక సమాధానం వినవస్తున్నది. కట్టేవానికి పురపాలక సంఘం కొన్ని అంతస్తులు అదనంగా అనుమతిస్తే చాలునట. ఆ లాభంలోనుంచి అతడే పేదలకు చవక ఇళ్లు ఇస్తాడట. ఖజానాకు దమ్మిడీ ఖర్చుండదట. ఈ వాదాన్ని కోపంతో తోసిపుచ్చటం సులభమే. చరిత్ర ముందు నిలబెట్టి పరీక్షించటం మేలు.

ముందుగా బొంబాయి సంగతి చూద్దాం. తెలంగాణ నుంచి కట్టుబడి పనులకు వలసపోయిన కామాటీల పేరుమీదనే అక్కడ కామాటిపురా వెలసింది. 1896లో ఆ నగరానికి ప్లేగు వచ్చింది. 1898లో ఏర్పడిన ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఇరుకు పేటలను కూల్చి వెడల్పాటి రోడ్లు వేసింది. కూల్చిన ఇళ్లలోని జనం పక్క పేటలకు చేరి వాటిని మరింత ఇరుకు చేశారు. ధనికవర్గం గృహసమస్యను పరిష్కరించదు, ఒకచోటి నుంచి మరొకచోటికి జరుపుతుందని 1872లోనే ఎంగెల్స్ వాదించాడు. బొంబాయిలో జరిగింది సరిగ్గా అదే.

కనుక కిక్కిరిసి బతకటం పేదవానికి కొత్త కాదు. ఒక గదిలో పదిమంది పడుకున్నప్పుడు దానినెవరూ ప్రోత్సాహకం అనలేదు. స్థల విస్తీర్ణానికి ఇన్ని రెట్లకు మించి కట్టరాదనే హద్దు 1964 నాటి ప్రణాళికతో బొంబాయిలో వచ్చింది. హద్దు ఉన్నచోట దానిని దాటే హక్కుకు ధర పుడుతుంది. 1995 నాటి మురికివాడల పునరావాస పథకం ఆ ధర మీదనే నిలిచింది. ఆనాడు బిల్డరు గుడిసెవాసికి 225 చదరపు అడుగుల ఇల్లు ఉచితంగా ఇవ్వవలసి ఉండేది. ప్రతిఫలంగా అదనపు కట్టడాన్ని బజారులో అమ్ముకోవచ్చు. దీనివల్ల ఇళ్లు వచ్చాయి. ఆ మాట దాచనవసరం లేదు. కాని భూమి ఖరీదు బాగా ఉన్నచోటికే బిల్డరు పరుగెత్తాడు. 1995 జనవరి 1కి ముందునుంచీ అక్కడున్నట్టు కాగితం చూపలేనివాడు ఆనాడు లెక్కలోకి రాలేదు. చాలాచోట్ల పేదల మేడలను ఒక మూలకు ఒత్తి, గాలీ వెలుతురూ అమ్మకపు మేడలకు మిగిల్చారు.

హైదరాబాదు కథ వేరు. 1908 మూసీ వరదల తరువాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పేదల ఇళ్లను తానే కట్టించింది. నిజాం పాలనను మెచ్చుకోవటానికి ఈ మాట అనటం లేదు. ఆ రాచరికం సైతం ఇది సర్కారు పని అని ఒప్పుకున్నది, అంతే. 2005 డిసెంబరులో వచ్చిన కేంద్ర పట్టణ పునరుద్ధరణ పథకం, గృహనిర్మాణాలలో అభివృద్ధి చేసిన భూమిలో 20–25 శాతం పేదలకూ అల్పాదాయ వర్గాలకూ కేటాయించాలనటాన్ని తన సంస్కరణలలో చేర్చింది. మూడు నెలలు తిరక్కుండానే, 2006 మార్చిలో, హైదరాబాదులో కట్టడ విస్తీర్ణపు హద్దును తీసివేశారు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ ఎత్తును నిర్ణయించసాగాయి. పెద్ద రోడ్డు మీద స్థలమున్నవానికి అంతస్తులు వాటంతటవే వచ్చాయి. బస్తీ గల్లీలోనివానికి రాలేదు. 2008లో పట్టణ భూపరిమితి చట్టం రద్దునూ రాష్ట్రం ఆమోదించింది. అడగకుండానే పంచిపెట్టిన సరుకును చూపి, పేదలకు ఇల్లిస్తేనే ఇస్తామని బేరమాడటం ఎలా సాధ్యం?

తరువాత ప్రభుత్వమే కట్టవలసివచ్చింది. 2023 జూన్‌లో కొల్లూరులో 15,660 ఇళ్ల సముదాయం ప్రారంభమైంది. అవి లిఫ్టులున్న ఎత్తైన మేడలే. కాని అది నగరం అంచున, ఔటర్ రింగు రోడ్డు దగ్గర. తెల్లవారుజామున నగరం నడిబొడ్డున అడ్డా మీద నిలబడితేగాని కూలి దొరకనివానికి ఇంటికీ పనికీ మధ్య దూరమే అసలు అద్దె.

ఇక నల్లగొండ వంటి పట్టణం. ఇక్కడ రెండంతస్తులు వేసినవాడు మూడోది వేయనిది అనుమతి లేక కాదు, డబ్బు లేక. అక్కడ అదనపు అంతస్తు ఆశ ఎవరినీ కదిలించదు. పురపాలక సంఘం తన చేతిలోని స్థలాన్నీ, మురుగుకాల్వనూ, మంచినీటినీ, పట్టానూ పేదవానికి అందించాలి. 1923లో వియన్నా నగరపాలక సంఘం సంపన్నుల ఇళ్లమీద ఎక్కువ, కార్మికుల ఇళ్లమీద తక్కువ పన్ను వేసింది. 1934 నాటికి అరవై వేలకు పైగా ఇళ్లు కట్టి కార్మికులకు అద్దెకిచ్చింది. ఆ ఇళ్లు నగరం సొత్తుగానే ఉండిపోయాయి.

అయితే అదనపు అంతస్తుల పద్ధతిని మనం పూర్తిగా కాదనాలా? అనక్కరలేదు. స్థలానికి విలువ తెచ్చింది బిల్డరు కాదు. రోడ్డూ, నీరూ, చుట్టూ ఉన్న జనం శ్రమా తెచ్చాయి. కాబట్టి ఒక హద్దుకు పైనున్న ఎత్తు ప్రజల ఆస్తి. దానిని ఇచ్చేటప్పుడు పేదల ఇళ్లు ఆ స్థలంలోనే ఉండాలనీ, వాటిలో కొన్ని పురపాలక సంఘం చేతిలో అద్దె ఇళ్లుగా నిలవాలనీ, డబ్బు కట్టి తప్పించుకునే దారి ఉండరాదనీ షరతు పెట్టాలి. ఈ షరతులను ఏ కమిషనరూ తనంతట తాను రాయడు. అడ్డాల మీది కూలీల సంఘాలు, వారి పక్షాన నిలిచే చదువుకున్నవాళ్లు కౌన్సిలు ముందు నిలబడి రాయించాలి. మా ఊరి గుంపులో వెళ్లినవాళ్లకు ఇళ్లు కట్టటం ఎవరూ నేర్పనక్కరలేదు. వాళ్లకు రావలసినది తాము కట్టినచోట ఉండే హక్కు.