మంచుకాలపు ఈతలు

మన వైపు ఆవు ఏ నెలలో ఈనుతుందని అడిగితే జవాబు చెప్పడం కష్టం. రెండు మూడు పశువులున్న ఇంట ఒకటి శ్రావణంలో ఈనితే ఇంకొకటి సంక్రాంతి దాటాక ఈనుతుంది. హోసూరులోనైనా, బళ్ళారిలోనైనా, గంజాంలోనైనా సంగతి ఇంతే. ఉత్తర అమెరికా గడ్డి మైదానాల్లో మాత్రం ఇలా ఉండదు. మొంటానా, వయోమింగ్, ఉత్తర, దక్షిణ డకోటాలు, నెబ్రాస్కా, వాటికి పైన కెనడాలోని ఆల్బర్టా, సస్కాచివాన్ - ఈ ప్రాంతాల్లో మాంసం కోసం పశువులను పెంచే కుటుంబాలున్నాయి. ఒక కుటుంబానికి వందో రెండు వందలో ఆవులుంటే, దాదాపు అన్నీ రెండు మూడు నెలల్లోనే ఈనుతాయి. చాలా ఇళ్ళలో ఆ నెలలు ఫిబ్రవరి, మార్చి. మన మాఘ ఫాల్గుణాలన్నమాట. అప్పటికింకా నేల మీద మంచు పేరుకుని ఉంటుంది. రాత్రిపూట చలి సున్నాకు 20 డిగ్రీలు దిగువకు పోవడం అక్కడ వింత కాదు.

తడి ఒంటితో నేల మీద పడే లేగదూడకు ఇంతకంటే చెడ్డ కాలం ఉండదు. తెలిసి తెలిసీ ఆ రైతు తన ఆవులను ఆ కాలంలోనే ఎందుకు ఈనిస్తున్నాడు? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే నూట నలభై ఏళ్ళ చరిత్ర బయటపడుతుంది.

అడవిదున్నల నేల

ఆ మైదానాలు మొదట బైసన్ అనే అడవిదున్నలవి, వాటి మీద బతికిన ఆదివాసులవి. బైసన్ ఏప్రిల్ మధ్య నుంచి మే నెలలో ఈనుతుంది. జింకజాతులు ఇంకా ఆలస్యంగా, మే చివర, జూన్‌లలో. కొత్త గడ్డి మొలిచి, తల్లికి పాలు పుష్కలంగా పడే వేళకు పిల్ల పుట్టేలా ప్రకృతి చేసుకున్న ఏర్పాటు అది. వేటగాళ్ళు తోళ్ళ కోసం ఆ మందలను ఊచకోత కోశారు. 1883 నాటికి ఉత్తర మైదానాల్లో బైసన్ దాదాపు లేకుండా పోయింది. ఆ మరుసటి చలికాలంలో మొంటానాలోని బ్లాక్‌ఫీట్ ప్రజలు వందలమంది ఆకలితో చనిపోయారు. తర్వాతి కథంతా ఖాళీ చేయించిన ఆ నేల మీద జరిగినదే. ఇది మరిచిపోయి పశుపోషకుల గొప్ప ఒక్కటే చెప్పుకోవడం న్యాయం కాదు.

1865లో అంతర్యుద్ధం ముగిశాక టెక్సస్ నుంచి పశువుల మందలను ఉత్తరానికి తోలుకు రావడం మొదలైంది. కంచెలు లేవు, కొట్టాలు లేవు, గడ్డివాములు లేవు. పశువులను వదిలేస్తే అవే మేసి, అవే ఈని, అవే పెరుగుతాయని నమ్మకం. ఆబోతులు ఏడాది పొడుగునా మందలోనే తిరిగేవి గనుక దూడలు ఏ నెలలోనైనా పుట్టేవి. వసంతంలో అందరూ కలిసి మందలను చుట్టుముట్టి, దొరికిన దూడలకు వాతలు వేసుకునేవారు.

1881లో జేమ్స్ బ్రిస్బిన్ అనే సైనికాధికారి ఆ మైదానాల్లో ధనవంతుడు కావడం ఎలాగో చెబుతూ ఒక పుస్తకమే రాశాడు. ఎడింబరో, లండన్‌ల నుంచి పెట్టుబడి వరదలా వచ్చింది. స్వాన్ కంపెనీ 1883లో స్కాట్లండు డబ్బుతోనే ఏర్పడింది. ఆ రోజుల్లో మందలను కొనేవారు పశువులను లెక్కపెట్టేవారు కాదు. ఇన్ని ఆవులుంటే ఏటా ఇన్ని దూడలు పుట్టి ఉంటాయని పుస్తకంలో కూడిక వేసి, ఆ అంకెకు డబ్బు చెల్లించేవారు. మంచులో పుట్టి మంచులోనే పోయిన దూడ ఆ పుస్తకంలో మాత్రం బతికే ఉండేది.

లెక్క తేలిన చలికాలం

1886 వేసవి ఎండకు గడ్డి మాడిపోయింది. ఉన్న గడ్డికి మించి పశువులు చేరాయి. నవంబరులోనే మంచు మొదలైంది. మధ్యలో రాకీ పర్వతాల మీదుగా చినూక్ అనే వెచ్చటి గాలి కొంచెం వీచి, పైమంచు కరిగింది. వెంటనే చలి తిరగబడేసరికి ఆ కరిగిన నీరు గాజుపలకలా గడ్డకట్టింది. పశువు గిట్టతో ఆ పలకను పగలగొట్టలేదు. కింద గడ్డి ఉన్నా నోటికందదు. 1887 జనవరి తుపానుల్లో చలి కొన్నిచోట్ల సున్నాకు 40 డిగ్రీలు దిగువకు జారింది. పశువులు గాలికి వీపు తిప్పి నడిచి నడిచి, వాగుల్లోనూ పల్లాల్లోనూ గుంపులుగా పడి చచ్చాయి. వసంతంలో మంచు కరిగాక నదులు కళేబరాలను మోసుకొచ్చాయి.

జూడిత్ లోయలో మందను కనిపెట్టుకుని ఉన్నవారికి, పశువులెలా ఉన్నాయని యజమాని ఉత్తరం రాశాడు. అక్కడ పనిచేస్తున్న చార్లెస్ రస్సెల్ అనే కుర్రవాడు చిన్న అట్టముక్క మీద బొమ్మ వేశాడు. డొక్కలు తేలిన ఒక ఆవు, చుట్టూ కాచుకున్న తోడేళ్ళు. జవాబుగా ఆ బొమ్మనే పంపారు. తర్వాత రస్సెల్ పేరుమోసిన చిత్రకారుడయ్యాడు. ఆపైన అమెరికా అధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్ట్‌కు డకోటాలో ఉన్న మందలో సగానికి పైగా పోయింది. స్వాన్ కంపెనీ ఆ ఏడాదే దివాలా తీసింది. మొంటానాలో పెద్ద మందగల గ్రాన్‌విల్ స్టూవర్ట్, మేతా నీడా ఇవ్వలేని పశువును ఇక జన్మలో పెట్టుకోనన్న అర్థం వచ్చేలా తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు.

కంచె, గడ్డివాము, కుటుంబం

మంచుకాలపు ఈతల చరిత్ర నిజానికి ఇక్కడ మొదలవుతుంది. మిగిలినవారు వేసవిలో గడ్డి కోసి వాములు వేయడం నేర్చుకున్నారు. ముళ్ళతీగకు జోసెఫ్ గ్లిడెన్ 1874లోనే పేటెంటు పొంది ఉన్నాడు గనుక కంచెలు పడ్డాయి. కంపెనీలు పోయిన చోటికి కుటుంబాలు వచ్చాయి. 1862 చట్టం ఒక్కొక్కరికి 160 ఎకరాలిచ్చింది. వాననీరు చాలని ఆ నేలలో అంత భూమితో బతకలేరని తెలిశాక, పశ్చిమ నెబ్రాస్కాలో 1904 చట్టంతో 640 ఎకరాలు, 1909 చట్టంతో మరికొన్ని రాష్ట్రాల్లో 320, పశువుల మేత కోసమే 1916 చట్టంతో 640 ఎకరాలు ఇచ్చారు. చాలామంది నిలవలేక అమ్ముకుని పోయారు. నిలిచినవారు పక్కవారి భూములు కొని పెరిగారు. ఈనాడు ‘మా ముత్తాత వేసిన కంచె’ అని చెప్పుకునే కుటుంబాలు వారి సంతతే.

కంచె వచ్చాక ఆబోతును మంద నుంచి విడదీయడం సాధ్యమైంది. ఆబోతు ఎప్పుడు మందలో కలవాలో నిర్ణయించేవాడు, దూడ ఎప్పుడు పుట్టాలో కూడా నిర్ణయించినట్టే. ఆవు చూడికాలం సుమారు 283 రోజులు. మే 20న ఆబోతును వదిలితే ఫిబ్రవరి 27 ప్రాంతంలో తొలి దూడ పడుతుంది. మే, జూన్‌లలో గడ్డి లేతగా, బలంగా ఉంటుంది. ఆవు సులువుగా చూడి కడుతుంది. ఏడాదికొక దూడ కావాలంటే ఈనిన 82 రోజుల్లోగా ఆవు మళ్ళీ చూడి కట్టాలి. అది తప్పితే ఆవు ఆ ఏడు దండగ మేత తిన్నట్టే.

ఇక రెండో కారణం సంత. అక్టోబరులో దూడను తల్లి నుంచి వేరుచేసి తూకానికి అమ్ముతారు. పాలు తాగే దూడ రోజుకు ఇంచుమించు కిలో బరువు పెరుగుతుంది. ఒక నెల ముందు పుట్టిన దూడ 25, 30 కిలోలు ఎక్కువ తూగుతుంది. ఏడాది మొత్తానికి అదొక్కటే రాబడి అయిన ఇంట్లో ఆ కిలోలే బ్యాంకు వాయిదా, పిల్లల చదువు. మూడో కారణం తీరిక. ఏప్రిల్ వచ్చిందంటే విత్తనం పని, కంచెల మరమ్మతు, ఆపైన గడ్డికోత. ఫిబ్రవరిలో మనిషి ఖాళీ. పైగా గడ్డకట్టిన నేల బురద కాదు. బురదలో పుట్టిన దూడకు పారుడు రోగం త్వరగా అంటుతుంది. ఇలా గడ్డి, సంత, తీరిక కలిసి ఆ ఋతువును ఏర్పరచాయి. అది ప్రకృతి పెట్టింది కాదు, మనిషి పెట్టుకున్నది. అందుకే అందులో పుట్టిన దూడను బతికించే పూచీ కూడా మనిషి మీదే పడింది.

రాత్రికాపలా

తొలిచూలు ఆవులను ఇంటి దగ్గరి దొడ్లో ఉంచుతారు. రెండు మూడు గంటలకొకసారి ఎవరో ఒకరు లాంతరో, బ్యాటరీలైటో పట్టుకుని వెళ్ళి చూడాలి. భార్యాభర్తలు వంతులు వేసుకుంటారు. చదువుకునే పిల్లలూ ఒక వంతు మోస్తారు. ఆవు మందకు దూరంగా పోయి, తోక ఎత్తి, లేస్తూ పడుకుంటూ ఉంటే ఘడియలు దగ్గర పడ్డట్టు. ముందుకాళ్ళు, వాటి మీద ముట్టె కనిపిస్తే మేలు. ఒక కాలు మడిచిపెట్టుకున్నా, వెనకకాళ్ళు ముందొచ్చినా మోచేతి దాకా చెయ్యి పెట్టి సరిచేయాలి, లేదా కాళ్ళకు గొలుసు వేసి నొప్పితో పాటు లాగాలి. పశువైద్యుడు యాభై మైళ్ళ దూరంలో ఉండే చోట ఆ ఇంటి ఇల్లాలే మంత్రసాని.

దూడ పడ్డాక తల్లి నాకి ఒళ్ళు ఆరబెట్టాలి, దూడ లేచి ముర్రుపాలు తాగాలి. రోగాన్ని ఎదిరించే శక్తి ఆవుకు మాయ గుండా దూడకు చేరదు, ముర్రుపాలలోనే చేరుతుంది. మొదటి కొద్ది గంటల్లో పేగు దాన్ని బాగా పీల్చుకుంటుంది. ఒక రోజు గడిస్తే ఆ ద్వారం మూసుకుపోతుంది. చలికి కొయ్యబారిన దూడ లేవలేదు, తాగలేదు. అలాంటిదాన్ని బండిలో వేడిగాలి దగ్గర పడుకోబెట్టి తెస్తారు, వంటింటి నేల మీద తుడుస్తారు, స్నానాల తొట్టిలో గోరువెచ్చటి నీళ్ళలో ముంచి తల పట్టుకుని కూర్చుంటారు. చెవుల కొసలు, తోక కొస మంచుకు రాలిపోయి కూడా బతికిన దూడలెన్నో ఆ మందల్లో కనిపిస్తాయి.

దూడ చచ్చిన తల్లి ఒకటి, తల్లి చచ్చిన దూడ ఒకటి ఉంటే, చచ్చిన దూడ తోలు ఒలిచి బతికినదాని వీపున కడతారు. తన బిడ్డ వాసన పట్టి ఆవు దాన్ని దగ్గరకు రానిస్తుంది. కొన్నాళ్ళకు తోలు విప్పేస్తారు. చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి, ఆవు ముందు నిలబెట్టి పాలు పితకడం మన పల్లెలు ఎరిగినదే. ఉపాయం ఒకటే. ఇక్కడ పాలు మనిషికి దక్కాయి, అక్కడ దిక్కులేని దూడకు తల్లి దక్కింది.

ఇక్కడ మన పాఠకుడికి ఒక సందేహం రావడం సహజం. చివరికి కోతకు పోయే దూడ కోసం ఇంత ఆరాటమా? డబ్బు కోసమేనని ఒక్క మాటలో తేల్చవచ్చు, అది అబద్ధమూ కాదు. కాని బతకదని తెలిసిన దూడ పక్కన తెల్లవార్లూ కూర్చునే మనిషిని ఆ మాట పూర్తిగా వివరించదు. అమ్మకం రోజున తల్లులు మూడు రాత్రులు అరుస్తుంటే ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదని కూడా అక్కడివారు చెప్పుకుంటారు. పాడి కోసం ఆవును పూజించి, కోడెదూడను సంతకు తోలే మనం వారి కంటే తేలికైన మనసుతో ఉన్నామా అన్నది ఎవరికి వారు వేసుకోవలసిన ప్రశ్న.

మారిన పద్ధతులు

1949 జనవరిలో మైదానాలను ముంచిన తుపానుకు ప్రభుత్వం విమానాల నుంచి గడ్డిమోపులు జారవిడిచింది. 1960ల చివరా, 1970లలోనూ యూరప్ నుంచి షారొలె, సిమెంటాల్ వంటి పెద్ద జాతుల రక్తం కలిపారు. బరువు పెరిగింది, దానితో పాటు ఈతకష్టాలూ పెరిగాయి. ఆపైన చిన్న దూడలనిచ్చే ఆబోతులను లెక్కలు చూసి ఎంచుకోవడం అలవాటైంది. మానిటోబాలో గస్ కొనెఫాల్ అనే పశుపోషకుడు 1970లలో ఒక సంగతి గమనించాడు. పొద్దుపోయాక మేత వేస్తే ఎక్కువ ఆవులు పగలే ఈనుతాయి. విశ్వవిద్యాలయాలు పరీక్షించి నిజమేనన్నాయి. ఖర్చు లేని ఆ కిటుకు ఎందరికో నిద్ర ప్రసాదించింది. నెబ్రాస్కా శాండ్‌హిల్స్‌లో 2000 తర్వాత వచ్చిన పద్ధతిలో, ఈనని ఆవులను కొద్ది రోజులకొకసారి శుభ్రమైన కొత్త బీడుకు మార్చి పారుడు రోగాన్ని అరికట్టారు.

మన ఒంగోలు గిత్త సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. అమెరికాలో 1924లో సంఘం కట్టుకున్న బ్రాహ్మన్ జాతిలో గిర్, కాంక్రేజ్‌లతో పాటు నెల్లూరు రక్తం, మన సాంగ్లి, బెళగావి వైపు కృష్ణాలోయ పశువు రక్తం ఉన్నాయి. కాని పలచటి చర్మం, పొట్టి వెంట్రుకల ఆ జాతి దక్షిణాన మెక్సికో సింధుశాఖ తీరంలో రాణించింది. మొంటానా మంచులో దాని దూడ నిలవదు. బ్రెజిల్‌లో కథ వేరు. 1878లో హాంబర్గ్ జంతుశాల నుంచి కొన్న జంటతోనూ, 1962లో వెళ్ళిన కర్వాడి వంటి ఆబోతులతోనూ - ఆ పేరు ఒంగోలు పక్కనున్న కరవది ఊరిదే - అక్కడి మాంసపు మందల్లో అత్యధిక భాగం నెలోర్ అయింది. అక్కడ కూడా ఈతలకు ఋతువుంది. చలికాలపు ఎండుగడ్డి ముగిసే ఆగస్టు నుంచి నవంబరు దాకా. వానగడ్డి మొలిచే వేళకు దూడ పాలు తాగే ఈడుకు వస్తుంది. ఆవు బీట్లో ఒంటరిగా ఈని, దూడను తానే కాచుకుంటుంది. బైసన్ పాటించిన లెక్క అదే.

ఉత్తర మైదానాల్లో కూడా కొందరు ఆ లెక్కకు తిరిగి వెళ్తున్నారు. ఆబోతును రెండు నెలలు ఆలస్యంగా వదిలి, ఏప్రిల్ చివర, మే నెలల్లో ఈనిస్తున్నారు. దూడ తక్కువ తూగుతుంది, కాని వాము గడ్డి ఖర్చు తగ్గుతుంది, రాత్రికాపలా తగ్గుతుంది. 2019 మార్చి మధ్యలో నెబ్రాస్కాను ముంచిన మంచుతుపాను, వరదలు సరిగ్గా ఈతల కాలంలో వచ్చి, దొడ్లలోనే దూడలను తీసుకుపోయాయి. ఆ దెబ్బ తిన్నాక ఈ మార్పు గురించి ఆలోచించేవారు పెరిగితే ఆశ్చర్యం లేదు. వాతావరణం వల్ల చచ్చిన పశువుకు పరిహారమిచ్చే పథకం 2008 చట్టంతో వచ్చి, 2014లో శాశ్వతమైంది. పరిహారం డబ్బు తిరిగి ఇస్తుంది గాని, వంతు కాపలా కాసే మనిషిని ఇవ్వదు. 2022 గణన ప్రకారం అమెరికా రైతు సగటు వయసు 58 దాటింది. 2024 జనవరి 1 నాటికి ఆ దేశపు పశువుల సంఖ్య 8 కోట్ల 72 లక్షలు. 1951 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు.

1887లో మంచు కంపెనీలను తరిమి కుటుంబాలకు చోటిచ్చింది. ఇప్పుడు కుటుంబంలో చేతులు తగ్గుతున్నాయి. ముసలి దంపతులిద్దరే మిగిలిన ఇళ్ళలో ఈతలను మే నెలకు జరపడం పంతం వదులుకోవడం కాదు. తాము కాపాడగలిగినన్నిటినే పుట్టించాలన్న వివేకం అది. స్టూవర్ట్ ఆనాడు చేసుకున్న ఒట్టుకు ఈనాటి అర్థం కూడా అదే.