మాధవరం: కోట కంటే ముందు ట్రంకుపెట్టె తెరవాలి

మా మాధవరం గురించి ఎవరు రాసినా అరుగొలను కోట దగ్గరే మొదలుపెడతారు. పదిహేడో శతాబ్దంలో మాధవవర్మ అనే రాజు ఇక్కడ సైన్యాన్ని ఉంచాడనీ, బొబ్బిలి, విజయనగరం వైపు నుంచి వచ్చిన ఆ యోధుల సంతతే మేమనీ, అందుకే మా రక్తంలోనే మిలట్రీ ఉందనీ రాస్తారు. తాడేపల్లిగూడెంలో బస్సు దిగి మా ఊరొచ్చిన విలేకరులంతా ఇదే రాసుకుపోయారు. కోట సంగతి నేను కాదనను. వలస వచ్చిన మాట మా ఇళ్ళలోనూ చెప్పుకుంటారు. నేను ఒప్పుకోలేనిది ఆ ‘రక్తం’ మాట.

రక్తాన్ని చూసి సిపాయిని ఎంచే పద్ధతి దొరలది. 1880ల్లో మద్రాసు సైన్యానికి అధిపతిగా చేసిన రాబర్ట్స్ దొర దక్షిణాది వాళ్ళు యుద్ధానికి పనికిరారని తేల్చాడు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక మద్రాసు రెజిమెంటు రెగ్యులర్ పటాలాలన్నీ రద్దు చేశారు. వంతెనలు, దారులు వేసే ఇంజనీరు దళం వాళ్ళు, అంటే సాపర్లు మాత్రం మిగిలారు. రెండో యుద్ధం ముంచుకొచ్చేసరికి, 1941లో, అదే రెజిమెంటును మళ్ళీ నిలబెట్టారు. ఈలోగా మన రక్తమేమీ మారలేదు. వాళ్ళకు మనుషులు కావలసి వచ్చారు, మనవాళ్ళకు జీతం కావలసి వచ్చింది. ఏ సిద్ధాంతంతో మనల్ని ఇంటికి పంపారో, అదే సిద్ధాంతంతో మన రచయితలు మనల్ని పొగడడం నాకు బాధగా ఉంటుంది.

మా పెదనాన్నగారు 1942లో, పద్దెనిమిదేళ్ళకు, బెంగుళూరు వెళ్ళి మద్రాసు సాపర్లలో చేరారు. ఇంట్లో నలుగురు అన్నదమ్ములు, ఉన్నది అరెకరం. అక్కడి నుంచి బర్మా. అక్కడ వంతెనలు వేసే పని. ముక్కలుగా తెచ్చి బిగించే బెయిలీ వంతెన చట్రం ఒక్కొక్కటి దగ్గరదగ్గర 260 కిలోలు, ఆరుగురు కలిసి ఎత్తాలి. ఆయన చెప్పిన యుద్ధమంతా ఆ బరువే. తుపాకీ గురించి అడిగితే “భుజానుండేదిరా” అని ఊరుకునేవారు. అక్షరాలు దిద్దింది కూడా సైన్యంలోనే, అదీ రోమన్ ఉర్దూలో. తెలుగు రాయడం తిరిగొచ్చాక మా పెద్దమ్మ దగ్గర నేర్చుకున్నారు.

1946లో ఇంటికి పంపేశారు. పదిహేనేళ్ళ సర్వీసు లేదు గనక పింఛను లేదు. మోకాళ్ళు సహకరించినన్నాళ్ళూ రైసుమిల్లులో బస్తాలు మోశారు. నలుగురు పిల్లలకు పెళ్ళిళ్ళు చేశారు. ఇద్దరు కొడుకుల్ని మిలట్రీకి పంపారు. ఎందుకు పంపారని అడిగితే కోట పేరు ఎత్తలేదు. “వానొచ్చినా, రాకపోయినా ఒకటో తారీకుకి జీతం వస్తదిరా” అన్నారు. 2015లో, తొంభై ఒకటో ఏట, తన మంచం మీదే పోయారు.

తరవాత ఆయన ట్రంకుపెట్టె తెరిచాం. అడుగున డిశ్చార్జి పుస్తకం. మడతలు చిరిగిపోయాయి, సిరా వెలిసింది. చేరకముందు చేసిన పని అన్నచోట ‘వ్యవసాయ కూలీ’ అని ఉంది. మాధవరం మిలట్రీ చరిత్రకు నేను చూపించగల శాసనం అదే. కోట గోడ కంటే అదే గట్టి సాక్ష్యమని నా అభిప్రాయం.

మా ఊరి నుంచి మొదటి యుద్ధానికి 90 మంది, రెండో యుద్ధానికి 1,110 మంది వెళ్ళారని పత్రికలు రాస్తాయి. ఆ లెక్క మనకు గర్వమే. రావు బహదూర్ వెంపల్లి వెంకటాచలం సుబేదారు గారి పేరు ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. ఊళ్ళోని స్మారక స్తంభం దగ్గర అమరులకు దండలు వేస్తాం, వెయ్యాల్సిందే. కానీ బతికి తిరిగొచ్చి, బస్తాలు మోసి, గేదెల్ని మేపి, మనవల్ని బడికి దింపి ముసలితనంతో పోయినవాళ్ళే ఎక్కువ. అంకె రాసినవాళ్ళెవరూ వాళ్ళ పేర్లు రాయలేదు. ఇల్లిల్లూ తిరిగి రాస్తేనే అది ఊరి చరిత్ర అవుతుంది.

మీ ఇంట్లో అలాంటి పుస్తకం గానీ, పతకం గానీ, పాత మనియార్డరు రసీదు గానీ ఉంటే చెదలు పట్టకముందే బయటికి తీయండి. పేరు, నంబరు, చేరిన ఏడు, చేరకముందు చేసిన పని, తిరిగొచ్చాక చేసిన పని, ఈ ఐదూ నాకు చెప్పండి. నోటుబుక్కులో మొదటి పేజీ పెదనాన్నగారిది రాశాను. రెండో పేజీ నుంచి ఖాళీగా ఉంది.