1876 అమెరికా అధ్యక్ష ఎన్నిక: సామాన్య ఓటర్ల స్పందన

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు కింది విషయాలను వివరించగలుగుతారు:
- 1876 నాటి అమెరికా ఓటరుకు తన పార్టీతో ఉన్న అనుబంధం
- ఎన్నిక ఫలితం దాదాపు నాలుగు నెలలపాటు తేలకపోవడానికి కారణాలు
- డెమోక్రాట్, రిపబ్లికన్ ఓటర్లు ఆ వివాదాన్ని స్వీకరించిన తీరు
- గెలిచిన పార్టీకి ఓటు వేసిన దక్షిణాది నల్లజాతివారు చివరకు నష్టపోయిన క్రమం

9.1 పరిచయం

ఎన్నికల చరిత్ర చదివేటప్పుడు మనం సాధారణంగా నాయకుల మీదే దృష్టి పెడతాం. ఎవరు పోటీ చేశారు, ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయి, ఎవరు పదవి చేపట్టారు అన్నవి తెలిస్తే విషయం ముగిసిందనుకొంటాం. కాని ఓటు వేసి ఇంటికి వెళ్ళిన మనిషి ఆ ఫలితాన్ని ఎలా స్వీకరించాడు అన్నది కూడా చరిత్రలో భాగమే. ప్రజాస్వామ్యం నిలవాలంటే గెలిచినవారు పాలించడం ఒక్కటే చాలదు. ఓడినవారు ఓటమిని ఒప్పుకోవాలి, మళ్ళీ ఓటు వేసే హక్కు వారికి మిగలాలి. 1876 ఎన్నిక ఈ రెండింటినీ పరీక్షించింది.

ముందుగా ఒక తేడాను గుర్తుంచుకోండి. భారత రాష్ట్రపతిని పార్లమెంటు, రాష్ట్ర శాసనసభలకు ఎన్నికైన సభ్యులు ఎన్నుకొంటారు. అందువల్ల మన దేశంలో రాష్ట్రపతి ఎన్నిక సామాన్య ఓటర్లను రెండు వర్గాలుగా చీల్చదు. అమెరికాలో ప్రతి రాష్ట్రంలోని ఓటర్లు తమ పార్టీ ఎలక్టర్లను గెలిపిస్తారు, ఆ ఎలక్టర్లు అధ్యక్షుణ్ణి ఎన్నుకొంటారు. అధ్యక్షుడే ప్రభుత్వాధినేత. పైగా ఆ రోజుల్లో పోస్టాఫీసు, కస్టమ్స్ ఉద్యోగాలు కూడా గెలిచిన పార్టీవారికే దక్కేవి. కాబట్టి అధ్యక్ష ఎన్నిక ప్రతి ఊరినీ, ప్రతి ఇంటినీ తాకేది.

9.2 ఓటరు - పార్టీ అనుబంధం

1876 ఎన్నికలో ఓటు హక్కు ఉన్నవారిలో సుమారు 82 శాతం మంది ఓటు వేశారు. అమెరికా అధ్యక్ష ఎన్నికల చరిత్రలో ఇదే అత్యధికం. ఇంతటి ఉత్సాహానికి మూడు కారణాలను గమనించాలి.

మొదటిది, అంతర్యుద్ధపు జ్ఞాపకం. యుద్ధం 1865లో ముగిసింది. తండ్రినో అన్ననో పోగొట్టుకొన్న కుటుంబాలు దేశమంతటా ఉన్నాయి. తుపాకి ఎటు పేల్చావో ఓటు కూడా అటే వెయ్యమని రిపబ్లికన్లు ఉత్తరాది మాజీ సైనికులకు నినాదమిచ్చారు. దక్షిణాది తెల్లవారిలో ఎక్కువమందికి రిపబ్లికన్ పార్టీ అంటే తమను ఓడించిన సైన్యపు పార్టీ. ఆ విధంగా పార్టీ అన్నది ఆలోచించి ఎంచుకొనేది కాక, ఇంటిపేరులా వారసత్వంగా వచ్చేదయింది.

రెండవది, ఓటు రహస్యం కాకపోవడం. ప్రభుత్వం ముద్రించే బ్యాలెట్ అప్పటికి లేదు. పార్టీలే తమ అభ్యర్థుల పేర్లతో ఓటు చీటీలు ముద్రించి పంచేవి. చీటీ రంగును, పరిమాణాన్ని బట్టి ఎవరు ఎటు ఓటు వేశారో పక్కవారికి తెలిసిపోయేది. పొలం యజమానికి, ఫ్యాక్టరీ మేస్త్రీకి, పొరుగువారికి తెలిసే ఓటు అది. ఓటు వేయడమంటే నలుగురి ఎదుట తానెవరి పక్షమో ప్రకటించుకోవడమే.

మూడవది, పత్రికలు. అప్పటి వార్తాపత్రికల్లో అధికభాగం ఏదో ఒక పార్టీకి చెందినవే. డెమోక్రాట్ ఓటరు చదివే వార్త, రిపబ్లికన్ ఓటరు చదివే వార్త ఒకే సంఘటన గురించే అయినా ఒకే విధంగా ఉండేవి కావు.

9.3 ఫలితం ఎందుకు తేలలేదు?

డెమోక్రాటిక్ పార్టీ అభ్యర్థి న్యూయార్క్ గవర్నర్ శామ్యూల్ టిల్డెన్. రిపబ్లికన్ అభ్యర్థి ఒహాయో గవర్నర్ రూథర్‌ఫర్డ్ హేస్. 1873లో మొదలైన ఆర్థిక మాంద్యం, అధ్యక్షుడు గ్రాంట్ హయాంలోని అవినీతి రిపబ్లికన్లను దెబ్బతీశాయి. నవంబర్ 7న పోలింగు జరిగింది. టిల్డెన్‌కు సుమారు 42.8 లక్షల ఓట్లు, హేస్‌కు సుమారు 40.3 లక్షల ఓట్లు వచ్చాయి. తాను ఓడిపోయానని ఆ రాత్రి హేస్ కూడా అనుకొన్నాడు.

గెలవడానికి 185 ఎలక్టోరల్ ఓట్లు కావాలి. టిల్డెన్‌కు 184, హేస్‌కు 165 నిర్వివాదంగా వచ్చాయి. మిగిలిన 20 ఓట్లపై వివాదం ఏర్పడింది. వీటిలో లూసియానావి 8, సౌత్ కరోలినావి 7, ఫ్లోరిడావి 4. ఓరెగాన్‌లో ఒక ఎలక్టర్ పోస్టుమాస్టర్ ఉద్యోగి కావడంతో ఆ ఒక్క ఓటు కూడా వివాదంలో పడింది. దక్షిణాది రాష్ట్రాలు మూడింటి నుంచి రెండు పార్టీల ఎలక్టర్లూ వేర్వేరు ఫలిత పత్రాలను వాషింగ్టన్‌కు పంపారు.

రెండు వైపులా అన్యాయం జరిగిందన్నది ఇక్కడ మీరు గుర్తించవలసిన ముఖ్యాంశం. రిపబ్లికన్ల అదుపులో ఉన్న ఓట్ల పరిశీలక బోర్డులు వేలాది డెమోక్రాట్ ఓట్లను రద్దు చేశాయి. మరోవైపు డెమోక్రాట్ల పక్షాన సాయుధ ముఠాలు నల్లజాతి ఓటర్లను బెదిరించాయి, కొట్టాయి, చంపాయి. 1876 జూలై 8న సౌత్ కరోలినాలోని హాంబర్గ్‌లో జరిగిన దాడిలో ఆరుగురు నల్లజాతివారు, ఒక తెల్లజాతీయుడు మరణించారు. ఆ రాష్ట్రంలోని ఎడ్జ్‌ఫీల్డ్ కౌంటీలో అర్హులైన ఓటర్ల కంటే పోలైన ఓట్లే ఎక్కువ. కాబట్టి నిజంగా ఎవరు గెలిచారు అన్న ప్రశ్నకు ఓట్ల లెక్క ఒక్కటే సమాధానం ఇవ్వలేదు. ఓటు వేయనివ్వని మనిషి ఏ లెక్కలోకీ రాడు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి - 1
1. 1876లో ఓటు రహస్యం కాదని ఎందుకు అంటాం?
2. వివాదంలో పడిన 20 ఎలక్టోరల్ ఓట్లు ఏయే రాష్ట్రాలవి?

9.4 డెమోక్రాట్ ఓటర్ల ఆగ్రహం

దేశమంతటా ఎక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థి గద్దె ఎక్కకపోవడం డెమోక్రాట్ ఓటరుకు పట్టపగలు జరిగిన దోపిడీలా కనిపించింది. సభలు, ఊరేగింపులు జరిగాయి. టిల్డెన్ రావాలి లేదా రక్తం పారాలి అన్న నినాదం వ్యాపించింది. 1877 జనవరిలో పత్రికా సంపాదకుడు, కాంగ్రెస్ సభ్యుడు హెన్రీ వాటర్సన్ లక్షమంది డెమోక్రాట్లు శాంతియుతంగా వాషింగ్టన్‌కు రావాలని పిలుపునిచ్చాడు. వారు ఆయుధాలతోనే రావాలని జోసెఫ్ పులిట్జర్ ప్రసంగించాడు. గ్రాంట్ రాజధానిలో సైనిక బలగాన్ని పెంచాడు.

అయినా యుద్ధం రాలేదు. టిల్డెన్ స్వభావరీత్యా న్యాయవాది. హింసను ఆయన ప్రోత్సహించలేదు. మరొక అంతర్యుద్ధం వస్తే వ్యాపారం కుప్పకూలుతుందని రెండు పార్టీల వ్యాపారవర్గాలూ భయపడ్డాయి. తాము చివరిసారి ఆయుధం పట్టినప్పుడు ఏం జరిగిందో దక్షిణాది తెల్లవారికి బాగా గుర్తుంది.

1877 జనవరి 29న ఎన్నికల కమిషన్ చట్టం అమలులోకి వచ్చింది. ఐదుగురు సెనేటర్లు, ఐదుగురు ప్రతినిధుల సభ సభ్యులు, ఐదుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు కలిసి 15 మంది ఇందులో ఉన్నారు. న్యాయమూర్తి జోసెఫ్ బ్రాడ్లీ ఓటు నిర్ణాయకమయింది. ప్రతి వివాదంలోనూ 8-7 తేడాతో నిర్ణయం హేస్‌కే అనుకూలంగా వచ్చింది. మార్చి 2 తెల్లవారుజామున లెక్కింపు ముగిసింది: హేస్‌కు 185, టిల్డెన్‌కు 184.

కోపం మాటల్లో మిగిలింది. హేస్ పేరులోనే 'ఫ్రాడ్' అన్న పదాన్ని చేర్చి డెమోక్రాట్లు వెక్కిరించారు. న్యూయార్క్‌లోని 'సన్' పత్రిక ఆయన నుదుటిపై ఆ మాట రాసి బొమ్మ ప్రచురించింది. అయితే 1878లో 'ట్రిబ్యూన్' పత్రిక రహస్య లిపిలోని కొన్ని టెలిగ్రాములను బయటపెట్టింది. వివాదాస్పద రాష్ట్రాల ఓట్లు కొనడానికి టిల్డెన్ మేనల్లుడు సహా కొందరు డెమోక్రాట్లు బేరాలాడినట్లు వాటిద్వారా తెలిసింది. మా గెలుపును దొంగిలించారు అన్న వాదన దాంతో బలహీనపడింది. 1880లో డెమోక్రాట్ ఓటర్లు మళ్ళీ పెద్ద సంఖ్యలో పోలింగుకు వచ్చారు, స్వల్ప తేడాతో ఓడారు. 1884లో గ్రోవర్ క్లీవ్‌లాండ్‌ను గెలిపించుకొన్నారు. అంటే ఓడిన ఈ ఓటరుకు మరో అవకాశం మిగిలింది. అతని కోపం చల్లారడానికి ఇదే ముఖ్యకారణం.

9.5 ఉత్తరాది రిపబ్లికన్ ఓటర్లు

ఉత్తరాది రిపబ్లికన్ ఓటరును నడిపించింది ముఖ్యంగా భయం. డెమోక్రాట్లు గెలిస్తే తిరుగుబాటుదారులే పాలకులవుతారని, దక్షిణాదివారి యుద్ధనష్టాలకు తమ పన్నులనుంచి పరిహారం చెల్లించవలసి వస్తుందని పార్టీ ప్రచారం చేసింది. హేస్ గెలవడంతో ఆ భయం తీరింది. భయం తీరిన తరువాత దక్షిణాది సమస్యపై వారి ఆసక్తి కూడా తగ్గింది. మాంద్యం, వేతనాలు, రైతుల అప్పులు వారికి దగ్గరి విషయాలయ్యాయి. పదేళ్ళకు పైగా వింటున్న దక్షిణాది గొడవలు ఇక చాలనుకొన్నారు. గెలిచిన ఓటరులోని ఈ ఉదాసీనత పెద్దగా చప్పుడు చేయలేదు. కాని దాని పర్యవసానం ఓడిన ఓటరు నినాదాలకంటే చాలా దూరం వెళ్ళింది.

9.6 దక్షిణాది నల్లజాతి ఓటర్లు: గెలిచీ ఓడినవారు

1870లో వచ్చిన 15వ రాజ్యాంగ సవరణ నల్లజాతి పురుషులకు ఓటు హక్కును కల్పించింది. వారిలో అత్యధికులు రిపబ్లికన్లు. వారికి ఓటు పార్టీ అభిమానం కంటే పెద్ద విషయం. కూలి ఒప్పందం, పిల్లల బడి, కోర్టులో న్యాయం అన్నీ స్థానిక ప్రభుత్వం ఎవరిదన్న దానిపై ఆధారపడి ఉండేవి. స్త్రీలకు ఓటు లేకపోయినా సౌత్ కరోలినాలో నల్లజాతి స్త్రీలు ప్రచారంలో చురుకుగా పాల్గొన్నారు. డెమోక్రాట్లకు ఓటు వేసే భర్తను ఇంటికి రానివ్వమని హెచ్చరించిన భార్యల ప్రస్తావన ఆనాటి సాక్ష్యాల్లో కనిపిస్తుంది. ఓటు వేసేది ఒక్కడైనా, అది ఇంటిల్లిపాది ఆస్తి అన్నది వారి భావన.

హేస్ గెలిచాడు. అయితే సౌత్ కరోలినా, లూసియానాలలో ఇద్దరేసి గవర్నర్లు, రెండేసి శాసనసభలు పోటీగా నడుస్తున్నాయి. రిపబ్లికన్ గవర్నర్లకు అండగా ఉన్న సమాఖ్య సైన్యాన్ని 1877 ఏప్రిల్‌లో హేస్ రాజధాని భవనాలనుంచి ఉపసంహరించాడు. రెండు రాష్ట్రాలూ డెమోక్రాట్ల చేతికి వచ్చాయి. ఫలితం ప్రకటించకముందు పార్టీ పెద్దల మధ్య జరిగిన మంతనాల పాత్ర ఎంత అన్నదానిపై చరిత్రకారులలో భేదాభిప్రాయాలున్నాయి. పునర్నిర్మాణ యుగం ముగిసిందన్న దానిపై మాత్రం లేవు.

ఈ మార్పును నల్లజాతి ఓటర్లు మౌనంగా భరించలేదు. లూసియానాలో హెన్రీ ఆడమ్స్ అనే మాజీ బానిస, మాజీ సైనికుడు తనవంటి కూలీలతో ఒక సంఘాన్ని నడిపాడు. ఆ సంఘం సభ్యులు ఊరూరా తిరిగి దాడుల, మోసాల వివరాలు సేకరించారు. తమకు రక్షణ కల్పించాలని, అది సాధ్యం కాకపోతే వేరుగా భూమి ఇవ్వాలని, అదీ కాకపోతే ఆఫ్రికాలోని లైబీరియాకు వెళ్ళేందుకు సహాయం చేయాలని అధ్యక్షుడికి, కాంగ్రెస్‌కు విజ్ఞప్తి పంపారు. 1880లో ఆడమ్స్ సెనేట్ కమిటీ ఎదుట సాక్ష్యమిచ్చాడు. ఒకప్పుడు తమను బానిసలుగా ఉంచినవారి చేతుల్లోకే దక్షిణాది మళ్ళీ వెళ్ళిపోయిందన్నది ఆ సాక్ష్యపు సారాంశం.

1879 వసంతకాలంలో వేలాది కుటుంబాలు మూటాముల్లె సర్దుకొని మిసిసిపి నది మీదుగా ఆవిరి పడవల్లో సెయింట్ లూయిస్ చేరి, అక్కడినుంచి కాన్సాస్‌కు వలస వెళ్ళాయి. బైబిలులోని నిర్గమనాన్ని గుర్తుచేసే విధంగా వీరిని 'ఎక్సోడస్టర్లు' అన్నారు. ఓటుతో చెప్పలేనిది వీరు కాలినడకతో, పడవ ప్రయాణంతో చెప్పారు.

అయితే ఓటు హక్కు 1877లోనే పూర్తిగా పోయిందనుకోకూడదు. అది క్రమంగా హరించుకుపోయింది. 1882లో సౌత్ కరోలినా ఒక్కో పదవికి ఒక్కో బ్యాలెట్ పెట్టె ఏర్పాటు చేసి, తప్పు పెట్టెలో వేసిన చీటీ చెల్లదన్నది. చదువురాని ఓటరును తప్పించడానికి పన్నిన ఉపాయమిది. 1890లో మిసిసిపి, 1898లో లూసియానా కొత్త రాజ్యాంగాలతో ఆంక్షలు విధించాయి. లూసియానాలో 1896లో 1,30,334 మంది నల్లజాతి ఓటర్లు నమోదై ఉండగా, 1904 నాటికి 1,342 మంది మాత్రమే మిగిలారు. పోగొట్టుకొన్న హక్కుకు సమర్థమైన చట్టరక్షణ 1965 నాటి ఓటుహక్కుల చట్టంతోగాని రాలేదు.

9.7 ఆధారాలను ఎలా చదవాలి?

డెమోక్రాట్ల ఆగ్రహం పత్రికల్లో, ప్రసంగాల్లో, వ్యంగ్య చిత్రాల్లో పుష్కలంగా దొరుకుతుంది. వాటినే చదివితే 1876 ఎన్నికలో నష్టపోయింది టిల్డెన్ ఓటర్లేనన్న అభిప్రాయం కలుగుతుంది. నల్లజాతి కూలీల స్పందన అచ్చులో తక్కువగా, విచారణ కమిటీల సాక్ష్యాల్లో, విజ్ఞప్తుల్లో, వలసల్లో ఎక్కువగా ఉంది. బిగ్గరగా వినిపించే గొంతుకూ, ఎక్కువగా నష్టపోయిన మనిషికీ సంబంధం ఉండవలసిన అవసరం లేదు. ఏ ఎన్నికను అధ్యయనం చేసినా ఎవరు ఎక్కువ కోపగించారు అన్న ప్రశ్నతోపాటు, వచ్చే ఎన్నికలో ఓటు వేయగలిగే స్థితిలో ఎవరు మిగిలారు అన్న ప్రశ్న కూడా మీరు వేసుకోవాలి.

9.8 సారాంశం

1876 ఎన్నిక అంతర్యుద్ధపు జ్ఞాపకాలు, బహిరంగ ఓటింగు, పార్టీ పత్రికల నడుమ జరిగింది. 20 ఎలక్టోరల్ ఓట్ల వివాదాన్ని 15 మంది కమిషన్ 8-7 తేడాతో హేస్‌కు అనుకూలంగా తేల్చింది. డెమోక్రాట్ ఓటర్లు ఆగ్రహించినా మళ్ళీ ఓటు పెట్టె వద్దకే వచ్చి 1884లో గెలిచారు. ఉత్తరాది రిపబ్లికన్లు గెలిచి దక్షిణాదిని మరిచారు. హేస్‌కు ఓటు వేసిన నల్లజాతివారు తమ అభ్యర్థి గెలిచినా రక్షణను, ఆపై ఓటునే కోల్పోయారు. ఓడినవారు ఫలితాన్ని ఒప్పుకోవడం వల్ల శాంతి నిలిచింది. కాని ఆ శాంతికి మూల్యం చెల్లించినవారు వేరు.

9.9 ముఖ్య పదాలు

ఎలక్టర్: అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి రాష్ట్ర ఓటర్లు ఎన్నుకొనే ప్రతినిధి.
పునర్నిర్మాణ యుగం: అంతర్యుద్ధం తరువాత, 1877 వరకు దక్షిణాది రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగిన కాలం.
ఎక్సోడస్టర్లు: 1879లో దక్షిణాదినుంచి కాన్సాస్‌కు వలస వెళ్ళిన నల్లజాతివారు.

9.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1876 ఎన్నిక ఫలితంపై వివిధ వర్గాల ఓటర్ల స్పందనలను పోల్చి చూపండి.
2. 'గెలిచిన పార్టీకి ఓటు వేసినవారే ఓడిపోయారు.' దక్షిణాది నల్లజాతి ఓటర్ల విషయంలో ఈ వాక్యాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. డెమోక్రాట్ల ఆగ్రహం సాయుధ పోరాటంగా మారకపోవడానికి కారణాలేవి?
2. హెన్రీ ఆడమ్స్ సంఘం కృషిని తెలపండి.