పలంగ్‌పోష్ మొదలు పంజాబీ డ్రెస్సు దాకా

ఫేషను అనే మాట మన పెద్దల నోట తిట్టుగా తప్ప వినబడటం అరుదు. పెళ్లిళ్లలో గానీ, ఈద్గా దగ్గర గానీ, సొసైటీ మీటింగుల్లో గానీ నలుగురు చేరితే చాలు, కుర్రాళ్లు కాళ్లకు అతుక్కుపోయే ప్యాంట్లు వేస్తున్నారనీ, ఆడపిల్లలు సినిమాలు చూసి బట్టలు కుట్టించుకుంటున్నారనీ, ఇదంతా ఎక్కడినుంచో వచ్చి మన మీద పడిన జబ్బు అనీ మాటలు మొదలవుతాయి. ఆ మాటల్లో నిజం బొత్తిగా లేదని మేము అనబోవడం లేదు. కానీ పిల్లలకు చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికేవాళ్లం గనుక ఒక్క సంగతి మనవి చేయవలసి వుంది. ఫేషను అన్నది ఎక్కడినుంచో మన దగ్గరకు వచ్చినది మాత్రమే కాదు. ఒకప్పుడు అది మన తీరం నుంచే ఓడలెక్కి లోకమంతా తిరిగింది. ఆ రోజుల్లో లండనులో పెద్దమనుషులు తమ ఆడవాళ్లను తిట్టిపోసింది మన బందరు వంటి రేవులనుంచి వెళ్లిన గుడ్డ కట్టుకున్నందుకే!

మాది శ్రీకాకుళం అని చెబితే బయటివాళ్లు ఉత్తరాన వున్న జిల్లా అనుకుంటారు. కృష్ణ ఒడ్డున, ఘంటసాల పక్కన, ఆంధ్రమహావిష్ణువు గుడి వున్న వూరు ఇది. ఈ చుట్టుపక్కల గుడ్డల వ్యాపారం ఎంత పాతదంటే, క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన 'పెరిప్లస్' అనే పుస్తకంలో మసాలియా అనే తీరదేశం పేరు వుంది. అక్కడ సన్నని నూలు బట్టలు విస్తారంగా తయారవుతాయని రాశాడు. మసాలియా అంటే మన తీరమేనని పండితుల నిర్ణయం. ఆ తర్వాతి శతాబ్దంలో టాలమీ చెప్పిన కంటకస్సైలా మన ఘంటసాలే అంటారు. మస్లిన్ అనే మాట కూడా మచిలీపట్నం నుంచే పుట్టిందని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు గానీ, నిఘంటువులు దాన్ని ఇరాకులోని మోసుల్ పట్టణానికి కడుతున్నాయి. పోనివ్వండి, మనకు గొప్పలు చెప్పుకోవడానికి వేరే మాటలు చాలానే వున్నాయి.

కలంకారీ సంగతే తీసుకోండి. కలం, కారీ రెండూ ఫారసీ మాటలు. ఉర్దూ చదువుకున్న మన పిల్లలకు అర్థం చెప్పనక్కరలేదు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో బందరు ఆ రాజ్యానికి ముఖ్యమైన రేవు. ఇరాను వర్తకులు ఇక్కడ కాపురాలు పెట్టారు. 1630ల్లో ఈ రేవుకు అధికారిగా వున్న మీర్ ముహమ్మద్ సయీద్, తర్వాత మీర్ జుమ్లాగా చరిత్రకెక్కినవాడు, ఇరానులోని అర్దిస్తాన్ నుంచి వచ్చినవాడే. బందరులో ఓడ ఎక్కిన గుడ్డలు బందర్ అబ్బాస్‌లో దిగేవి. అక్కడి వాళ్లకు ఏ తీగలు, ఏ పూలు, ఏ సైప్రస్ చెట్లు ఇష్టమో ఇక్కడి అద్దకం పనివాళ్లకు తెలుసు. ఇస్ఫహాన్‌లో ఈనాటికీ చెక్క అచ్చులతో గుడ్డల మీద అద్దకం చేస్తున్నారు, దాన్నీ కలంకార్ అనే అంటారు. గోల్కొండ కాలంనాటి మనుషుల బొమ్మల రూమాళ్లు ఇప్పుడు న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో వున్నాయి.

పలంగ్‌పోష్ అంటే మంచం మీద కప్పే దుప్పటి. ఇంగ్లీషువాడి నోట అది పాలంపోర్ అయింది. చుక్కల గుడ్డ అనే అర్థంలో మనం ఛీంట్ అంటే అది చింట్జ్ అయింది. హాలెండువాళ్లు దాన్నే సిట్స్ అన్నారు, అక్కడి హిందెలోపెన్ పట్టణపు ఆడవాళ్లు దానితో నిలువు అంగీలు కుట్టించుకున్నారు. పాయ్ అంటే కాలు, జామా అంటే వస్త్రం. అలా వచ్చిన మన పైజామాను దొరలు పడుకునేటప్పుడు వేసుకున్నారు. కమర్‌బంద్‌ను విందులకు కట్టుకున్నారు. ఖాక్ అంటే దుమ్ము, ఆ రంగు గుడ్డ ఖాకీ. 1846లో పెషావరులో ఏర్పడిన గైడ్స్ దళం దాన్ని వేసుకుంటే, తర్వాత లోకంలోని సైన్యాలన్నీ వేసుకున్నాయి. ఉర్దూ మీడియంలో చదివితే ఏం లాభం అని అడిగే తల్లిదండ్రులకు మేము అప్పుడప్పుడు ఈ మాటల జాబితా వినిపిస్తుంటాము. లాభం మాట ఎట్లా వున్నా, కాసేపు నవ్వుకుంటారు.

ఇక వర్తకం కథ. డచ్చివాళ్లు బందరులో 1605-06 ప్రాంతంలో కాలుపెట్టారు. ఇంగ్లీషు కంపెనీ ఓడ 'గ్లోబ్' 1611లో వచ్చింది. అందులో వచ్చిన పీటర్ ఫ్లోరిస్ అనే వర్తకుడు ఇక్కడి గుడ్డలు కొని బాంటం, పటానీ, సయాం దేశాలకు తీసుకుపోయాడు. ఎందుకంటే మిరియాలు, జాజికాయ అమ్మేవాళ్లు వెండి కన్న మన గుడ్డల మీదే మోజు చూపేవారు. ఆ తర్వాతే ఈ గుడ్డ విలాయతీ పడకగదుల్లోకి చేరింది. 1643లో లండను నుంచి సూరతులోని తమ కొఠీకి కంపెనీవారు ఒక కబురు పంపారు. దుప్పట్లకు ఎర్రని నేల వద్దు, తెల్లని నేల మీద కొమ్మలూ పూలూ వేయించి పంపండి, ఇక్కడ అవే అమ్ముడవుతాయి అని. ఇది కాస్త ఆలోచించవలసిన సంగతి. ఇవాళ మనం అచ్చమైన భారతీయ నమూనా అని మురిసిపోతున్న తెల్లనేల పూలచెట్టులో లండను బేరగాడి కోరిక కూడా కలిసి వుంది. గుడ్డ మనది, చేయి మనది, రంగు మనది. రుచి మాత్రం అప్పుడే నాలుగు దేశాలది.

1663లో శామ్యూల్ పీప్స్ అనే లండను ఉద్యోగి తన భార్య గదికి ఛీంట్ గుడ్డ కొన్నట్టు డైరీలో రాసుకున్నాడు. మరో నలభై యేళ్లకు ఆ గుడ్డ గోడల మీదనుంచి ఒంటి మీదకు వచ్చింది. 'రాబిన్సన్ క్రూసో' రాసిన డేనియల్ డీఫో 1708లో తన పత్రికలో దీని మీద విరుచుకుపడ్డాడు. నిన్నమొన్నటిదాకా నేలమీద పరుచుకునేవీ, పిల్లలకూ పనివాళ్లకూ చాలుననుకున్నవీ ఇవాళ గొప్పింటి ఆడవాళ్ల వంటి మీదకు వచ్చాయని అతని గోల. మన ఈద్గా దగ్గర మాటలకూ దీనికీ ఎంత దగ్గర పోలికో చూడండి. అయితే వాళ్లు తిట్టి ఊరుకోలేదు. ఫ్రాన్సులో 1686లోనే అద్దకం గుడ్డలు నిషేధించారు, ఆ నిషేధం 1759 దాకా నడిచింది. ఇంగ్లండు 1700లో దిగుమతిని ఆపే చట్టం చేసింది. 1719లో స్పిటల్‌ఫీల్డ్స్ నేతపనివాళ్లు వీధుల్లో పోయే ఆడవాళ్ల ఒంటి మీది కాలికో గౌన్లు చింపేశారు, సిరా పోశారు. 1721 చట్టం ప్రకారం అద్దకం గుడ్డ వేసుకున్నవాళ్లకు 5 పౌన్లు జరిమానా. ఆ నేతపనివాళ్లను మేము తప్పుపట్టలేము, వాళ్ల ఇళ్లలో ఆకలి వుంది. కానీ ఆకలి కోపం గుడ్డ అమ్మినవాడి మీదకు పోలేదు, గుడ్డ కట్టుకున్న ఆడదాని మీదకు పోయింది. ఈ తేలిక దారి అన్ని దేశాల్లోనూ వుంది.

ఆ నిషేధాల చాటున యూరపువాళ్లు మన విద్య నేర్చుకున్నారు. ఆ విద్య చిన్నది కాదు. గుడ్డను పేడనీళ్లలో వుంచి ఎండలో ఆరబెట్టి తెలుపు చేయాలి. కరక్కాయ రసం, గేదెపాలు కలిపి పట్టించాలి. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో పులియబెడితే నలుపు వస్తుంది. ఎరుపు కావలసిన చోట పటిక అద్దాలి. ఆ పటికకు అప్పుడు రంగేమీ వుండదు. కాలువలో పారే నీళ్లలో జాడించి, రాగి డేగిసాలో చిరివేరుతో ఉడకబెడితే పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది, తక్కిన చోట జారిపోతుంది. ఉతికినా పోని ఈ ఎరుపు కోసమే లోకం మన వెంట పడింది. 1783లో ఇంగ్లండులో థామస్ బెల్ రోలరుతో అద్దే యంత్రం తెచ్చాడు. 1868లో జర్మనీ రసాయనవేత్తలు చిరివేరు జాతి ఎరుపును, అంటే అలిజరిన్‌ను, ప్రయోగశాలలో చేశారు. ఈ రెంటికీ నడుమ 1864 నవంబరు 1న ఉప్పెన వచ్చి బందరులోనూ చుట్టుపక్కలా సుమారు 30,000 మందిని తీసుకుపోయింది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన ఎరిగిన పెద్దలకు ఇంతకన్నా చెప్పనవసరం లేదు. చేతిపని అంటే చేతులే గదా, చేతులు పోతే పని పోతుంది.

తరవాత స్వదేశీ రోజులు. 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. అందులో పనిచేసిన పింగళి వెంకయ్యగారు పత్తి మీద చేసిన పరిశోధన వల్ల పత్తి వెంకయ్య అనిపించుకున్నారు. ఖద్దరు కట్టడం అప్పట్లో ఒక రాజకీయం. ఖిలాఫత్ నాటి రూమీ టోపీ కూడా అటువంటిదే. ఎర్రని ఆ కుచ్చు టోపీని 1829లో తుర్కీ సుల్తాను రెండవ మహమూద్ తన ఉద్యోగులకు తప్పనిసరి చేశాడు. అలీగఢ్ విద్యార్థుల మీదుగా అది మన దేశంలో చదువుకున్న ముస్లిం గుర్తు అయింది. తీరా చూస్తే 1925లో ఆ తుర్కీలోనే దాన్ని చట్టం చేసి నిషేధించారు. ఇక్కడ మాత్రం ఇంకా చాలాకాలం పెట్టుకున్నారు.

ఇక సినిమాకు వద్దాం. ఈ విషయంలో మన కృష్ణా జిల్లావాళ్లు ఎవరినీ నిందించే వీలు లేదు, ఎందుకంటే అక్కినేని నాగేశ్వరరావు, నందమూరి తారక రామారావు ఇద్దరూ గుడివాడ చుట్టుపక్కల పల్లెల నుంచి వెళ్లినవారే. 1953లో 'దేవదాసు' వచ్చాక లాల్చీ, భుజాన శాలువా వేసుకుని దిగులుగా నడవడం ఒక ఫేషను అయింది. అక్కినేనే 1955లో 'అనార్కలి'లో సలీముగా వేశారు. 1960లో హిందీలో 'మొఘల్-ఎ-ఆజమ్' వచ్చింది. అనార్కలి కథకు గట్టి చారిత్రక ఆధారం లేదు, అయినా ఆ తెర మీది ఘేరు అంగీయే ఇవాళ దుకాణాల్లో అనార్కలి పేరుతో వేలాడుతోంది. వాణిశ్రీ కొప్పు, వాణిశ్రీ చీరకట్టు చూసి అద్దం ముందు గంటలు గడిపిన ఆడవాళ్లు ఇప్పుడు నానమ్మలై మనవరాళ్లను కోప్పడుతున్నారు. 1970ల్లో మనవాళ్లు వీధులు ఊడ్చిన బెల్‌బాటమ్ ప్యాంట్లు మొదట ఓడల్లో పనిచేసే నావికుల బట్టలు. రామారావుగారు 1982లో పార్టీ పెట్టి, ఖాకీ బట్టలు వేసుకుని చైతన్య రథం ఎక్కారు. పెషావరు సిపాయి రంగు, పోలీసు రంగు, లారీ డ్రైవరు రంగు ఆ విధంగా ఓటు అడిగే రంగు అయింది. 1983 ఎన్నికల్లో ఆయన గుడివాడలోనూ గెలిచారు.

అదే కాలంలో మరో మార్పు నెమ్మదిగా జరిగింది, దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. సల్వారు కమీజు మన పట్టణాల్లో ఒకప్పుడు ఎక్కువగా ముస్లిం ఆడపిల్లల దుస్తులు. పంజాబీ డ్రెస్సు అనే పేరు తగిలాక కాలేజీకి పోయే ప్రతి ఆడపిల్లా వేసుకుంది. షేర్వానీ సంగతీ అంతే. ఇవాళ ఏ కులం, ఏ మతం పెళ్లి రిసెప్షనుకు వెళ్లినా పెళ్లికొడుకు షేర్వానీలోనే కనబడతాడు. మన దుస్తులు పదిమందివీ అయినందుకు మాకు సంతోషమే. కాకపోతే పదిమందివీ అయినప్పుడు ధర కూడా పెరుగుతుంది. ఒక్క పూట వేసుకునే షేర్వానీకి, ఒక్క పూట కట్టే లెహెంగాకు అప్పు చేసే ఇళ్లు మన మధ్య వున్నాయి. పిల్లల ప్యాంట్ల కన్న ఈ అప్పుల గురించి మన మీటింగుల్లో మాట్లాడితే బాగుంటుందని మా అభిప్రాయం.

అద్దకం పని మాత్రం చచ్చిపోలేదు. 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డును నడిపిన కమలాదేవి ఛటోపాధ్యాయ వంటివారి పూనికతో అది తిరిగి కొంత ఊపిరి పోసుకుంది. ఇప్పుడు పని ఎక్కువగా బందరుకు దగ్గరే వున్న పెడనలో జరుగుతోంది. టేకు చెక్క మీద అచ్చులు చెక్కేవాళ్లు, అద్దేవాళ్లు, ఉడకబెట్టేవాళ్లు, కాలువలో జాడించేవాళ్లు, వీరిలో హిందువులూ వున్నారు, ముస్లిములూ వున్నారు. మచిలీపట్నం కలంకారీకి చట్టప్రకారం భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కలంకారీ జాకెట్టు, కలంకారీ చొక్కా ఇవాళ హైదరాబాదులోనూ అమెరికాలోనూ ఫేషను. అయితే వాటిలో చాలా భాగం యంత్రాల మీద అచ్చైన నకళ్లు. మన నమూనా తీసుకున్నారు, మన పేరు తీసుకున్నారు, ధర తగ్గించారు. పద్దెనిమిదో శతాబ్దంలో మాంచెస్టరు చేసిన పనే ఇప్పుడు మన దేశంలోని మిల్లులే చేస్తున్నాయి. ఇప్పుడు నిషేధించేవాళ్లెవరూ లేరు, కొనేవాళ్లు అందరూ వున్నారు. అయినా అచ్చు పట్టిన చేతికి వచ్చేది తక్కువే. అందుకే ఆ ఇళ్ల పిల్లలు ఈ పనిలోకి రావడం లేదు.

ఈ యేడు పెళ్లిళ్లకో, రంజాను పండక్కో కలంకారీ కొనబోయే మన ఆడవాళ్లకు నకలును గుర్తుపట్టే పద్ధతి చెబుతాము. గుడ్డను తిరగేసి చూడండి. కరక్కాయ పట్టించి ఉడకబెట్టిన గుడ్డలో రంగు లోపలికి ఇంకి వెనక వైపు కూడా కనబడుతుంది. యంత్రం వేసినదైతే వెనక వెలవెలబోతుంది. తరవాత ఒక అచ్చు ఆగి రెండో అచ్చు మొదలైన చోట గీత వెంబడి వేలు పెట్టి చూడండి. చేత్తో అద్దినదైతే ఎక్కడో ఒక చోట వెంట్రుకవాసి తేడా వుంటుంది. అన్ని పూలూ ఒక్క తీరున వుంటే అనుమానించండి. పెడనకే వెళ్లి కొనేట్టయితే, అడిగితే అచ్చులు కూడా తీసి చూపిస్తారు.