బండి బదులు దెబ్బ

పోయిన వేసవిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో నా కారు ఎడమవైపు వెనక తలుపు మీద జానెడు పొడవు గీత పడింది. గోరుతో తడిమితే తెలిసేంత లోతు, చివర్లో చిన్న సొట్ట.

నాలుగేళ్ళుగా ఒక్క మచ్చ లేకుండా చూసుకున్న తెల్ల కారు అది. మాల్‌కి వెళ్తే లిఫ్టుకి దూరంగా, వరసలో ఆఖరి గడి చూసి, ఒకవైపు గోడ ఉండేలా పెడతాను. కొబ్బరిచెట్టు కింద పెట్టను, ఎందుకో చెప్పక్కర్లేదు. వేపచెట్టు కిందా పెట్టను, జిగురూ కాకి రెట్టలూ పడతాయి. పక్క బండికి అప్పటికే నాలుగు సొట్టలుంటే ఇంకో చోటు వెతుక్కుంటాను. సొంత బండిని పట్టించుకోనివాడు నా తలుపుని పట్టించుకుంటాడా? ఇవన్నీ చూసి ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. ఇంత చేస్తే, గీత ఇంటి కిందే పడింది. తిన్నగా వెళ్ళి వాచ్‌మన్ మీద అరిచాను. ఆయన నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ‘నువ్వు ఏం చూస్తున్నావ్ ఇక్కడ కూర్చుని?’ అన్నాను. ఆయన కొడుకు సైకిలు అక్కడే పిల్లరుకి ఆనించి ఉంది. దాని వంక కూడా చూశాను. ఆయన ఏమీ అనలేదు.

ఆ గీత సంగతి చివర్లో చెప్తాను. ఆ రాత్రి నిద్రపట్టక, ఆగి ఉన్న కారుకి దెబ్బ తగలకుండా మనుషులు ఎప్పట్నుంచి ఏమేం చేశారో వెతకడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఒకటి అర్థమైంది. దెబ్బ అసలు లేకుండా చేసిన కాలం ఏదీ లేదు. కారు బదులు ఆ దెబ్బ ఎవరు తినాలన్నది మాత్రమే కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది.

*

మన ఊళ్ళో గీత పడని కారంటే నాకు గుర్తొచ్చేది చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఆర్డరిచ్చిన బండి. 1911 ఆగస్టులో ఆయన చనిపోయాడు. కారు మాత్రం ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో వచ్చి చేరింది. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. ఊరేగింపులకీ ఉత్సవాలకీ తప్ప బయటికి తీయలేదు కాబట్టి అన్ని దశాబ్దాల్లో అది తిరిగింది కొన్ని వందల మైళ్ళే. నా కారు అంతదూరం రెండు వారాల్లో తిరుగుతుంది. కారు నలగకుండా ఉండాలంటే కదలకుండా ఉండాలి, చుట్టూ గోడ ఉండాలి, తుడిచే మనుషులుండాలి.

నిజాం కాబట్టి అలా కుదిరింది అనుకుంటాం. కానీ ఆ రోజుల్లో మామూలు షావుకారు కారు కూడా దాదాపు ఇలాగే బతికింది. అప్పటి కార్లలో ఎక్కువ వాటికి పైకప్పు లేదు, ఉన్నా గుడ్డదే. చెక్క బాడీ మీద పొర తర్వాత పొర వార్నిష్ వేసి, ఆరబెట్టి, మళ్ళీ రుద్ది వేసేవాళ్ళు. ఖరీదైన బండికి రంగు పని పూర్తవడానికి వారాలు పట్టేది. అలాంటి దాన్ని రాత్రంతా వీధిలో వదిలేస్తే ఒక్క వాన చాలు. అందుకే గుర్రబ్బండ్ల కొట్టాలే మోటారు షెడ్లయ్యాయి. ‘గరాజ్’ అన్న మాట వచ్చింది కూడా ఫ్రెంచిలో ‘నీడపట్టున పెట్టడం’ అనే అర్థమున్న క్రియ నుంచే. కారుతోపాటు డ్రైవరూ, క్లీనరూ ఉండేవాళ్ళు. యజమాని దిగి లోపలికి వెళ్తే కారు దగ్గర ఒక మనిషి మిగిలేవాడు. గీత పడితే మాట పడేది ఆ మనిషే.

*

కారు వీధిలో పడుకోవడం మొదలైంది 1920ల్లో. దానికి రెండు కారణాలు. ఒకటి, నాలుగువైపులా మూసిన బాడీలు అమెరికాలో మామూలైపోయాయి. రెండోది రంగు. డుపాంట్ కంపెనీ, జనరల్ మోటార్స్ కలిసి తెచ్చిన డ్యూకో లాకర్‌ని 1923లో ఓక్‌లాండ్ కార్లకి వేశారు. వారాల పని గంటల్లోకి వచ్చింది, ఎండకీ వానకీ ఆగే రంగు చవకలో దొరికింది. కారుకి ఇక గుర్రబ్బండి మర్యాదలు అక్కర్లేకపోయాయి. కాపలా మనిషీ అక్కర్లేదు. తాళం వేసి వెళ్ళిపోవచ్చు.

అందరూ అలాగే వెళ్ళిపోయేసరికి ఊళ్ళు నిండిపోయాయి. దుకాణాల్లో పనిచేసేవాళ్ళే పొద్దున్నే వచ్చి దుకాణాల ముందు కార్లు పెట్టేస్తుంటే, కొనేవాళ్ళకి చోటు లేదని ఓక్లహోమా సిటీ వ్యాపారులు గోల పెట్టారు. కార్ల్ మెగీ అనే పత్రికా సంపాదకుడు దీనికొక యంత్రం ఆలోచిస్తే, అక్కడి ఇంజనీరింగ్ ప్రొఫెసర్లు తయారుచేసి పెట్టారు. 1935 జులై 16న మొదటి పార్కింగ్ మీటరు వచ్చింది. అయిదు సెంట్ల నాణెం వేస్తే గంట. అందరూ మీటరునే గుర్తుపెట్టుకున్నారు గానీ నాకు దానికన్నా ముఖ్యమనిపించింది దాంతోపాటు నేల మీద గీసిన గీతలు. ఇరవై అడుగులకో గీత. అంతకుముందు వీధిలో ఖాళీ ఉండేది, ఇప్పుడు గళ్ళు వచ్చాయి. ఈ గడి నాది, ఈ గంటసేపు నాది. నాది అనుకున్నాక, పక్కవాడు తగిలితే వచ్చే కోపం కూడా అక్కడ్నుంచే పెరిగి ఉంటుంది.

*

కాపలా మనిషి పోయాక ఆ ఉద్యోగం ఇనుముకి ఇచ్చారు. అదే బంపరు. ముందో కడ్డీ, వెనకో కడ్డీ. తగిలితే అది వంగాలి, కారు వంగకూడదు. కానీ యాభైలూ అరవైలూ వచ్చేసరికి అమెరికాలో బంపరు నగగా మారిపోయింది. క్రోమియం పూత, మెలికలు, కొమ్ములు. చూడ్డానికి బలంగా ఉండేది. నడక వేగంలో తగిలినా లైటు పగిలేది, రేకు లోపలికి పోయేది. బిల్లులు కట్టలేక ఇన్సూరెన్సు కంపెనీలు మొత్తుకున్నాయి.

అప్పుడు ప్రభుత్వం దిగింది. 1973 మోడల్ కార్ల నుంచి ముందు బంపరు గంటకి 5 మైళ్ళ వేగంతో, వెనకది రెండున్నర మైళ్ళ వేగంతో గోడకి కొట్టుకున్నా లైట్ల వంటివి పాడవకూడదని నియమం పెట్టారు. మరుసటి ఏడాది వెనక కూడా 5 మైళ్ళే అన్నారు. కార్ల అందం పోయిందని ఆ తరం ఇప్పటికీ తిట్టుకుంటుంది. షాక్ అబ్జార్బర్లతో బండి ముందుకి పొడుచుకొచ్చిన బరువైన బంపర్లు వచ్చాయి. బ్రిటిష్ వాళ్ళ ఎంజీబీ లాంటి నాజూకు బండికి 1974లో క్రోమ్ తీసేసి నల్ల రబ్బరు మూతి తగిలించారు. అందం సంగతి ఎలా ఉన్నా, పార్కింగ్‌లో తగిలే దెబ్బని యంత్రమే తినాలి, మనిషి జేబు కాదు అని చట్టం చెప్పిన కాలం అదొక్కటే.

పదేళ్ళు కూడా నిలవలేదు. బరువు, ఖర్చు అనే వాదనలు వచ్చాయి. 1982లో 5ని మళ్ళీ రెండున్నరకి దించేశారు. ఆ తర్వాత బంపరు కారు రంగే వేసుకుని బాడీలో కలిసిపోయింది. ఇవాళ్టి బంపరు పైకి కనిపించేది పల్చటి ప్లాస్టిక్ తొడుగు. దానికి పెయింటు, దాంట్లో సెన్సర్లు, కెమెరా. దెబ్బ తినడానికి పుట్టిన వస్తువుకి ఇప్పుడు దెబ్బ తగలకుండా మనం కాపలా కాస్తున్నాం. బంపరు మీద గీత పడకుండా రబ్బరు ముక్కలు అంటించుకుంటున్నాం. నా కారుకీ ఉన్నాయి.

*

మన దగ్గర కథ కొంచెం వేరు. అంబాసిడర్ కొనడానికి ఏళ్ళు ఎదురుచూసిన రోజుల్లో కార్లే తక్కువ కాబట్టి పక్క కారు తలుపు తగిలే భయమూ తక్కువే. 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ మొదటి మారుతీ 800 తాళాలు అందించినప్పటి నుంచి లెక్క మారింది. ఆ మొదటి కారు కొన్నాయన దాన్ని 2010లో చనిపోయేదాకా అమ్మలేదు. తర్వాత ఆ ఇంటి బయట ఎండకీ వానకీ తుప్పు పడుతున్న ఆ కారు ఫొటోలు దేశమంతా తిరిగాయి. చివరికి కంపెనీయే బాగుచేయించి తమ ఆఫీసులో ప్రదర్శనకి పెట్టుకుంది. ఎవరూ గుద్దక్కర్లేదు, కారు పాడవడానికి ఊరికే ఆగి ఉన్నా చాలు.

మారుతీ 800 కొలతలు జపాన్ చిన్న కార్లవి. వెడల్పు సుమారు 1.4 మీటర్లు. జపాన్‌లో 1962లోనే ఒక చట్టం చేశారు. కారు కొనాలంటే ఇంటి దగ్గర్లో దాన్ని పెట్టుకునే చోటుందని పోలీసుల నుంచి ధ్రువపత్రం తేవాలి. రాత్రంతా వీధిలో వదలకూడదు. చిన్న కార్లకి మాత్రం చాలాకాలం ఈ పత్రం నుంచి మినహాయింపు ఉండేది. మనం ఆ చిన్న కారుని తెచ్చుకున్నాం, చట్టాన్ని తెచ్చుకోలేదు. తర్వాత చిన్న కారునీ వదిలేశాం.

ఇక్కడ ఒక చిన్న లెక్క. పార్కింగ్ గడి వెడల్పు సాధారణంగా రెండున్నర మీటర్లు. రెండు మారుతీ 800లు పక్కపక్క గళ్ళలో మధ్యకి పెడితే వాటి మధ్య 1.1 మీటర్ల సందు ఉంటుంది. తలుపు తీసి, దిగి, పిల్లని ఎత్తుకుని వెళ్ళొచ్చు. అదే గళ్ళలో రెండు హ్యుందాయ్ క్రెటాలు పెడితే (వెడల్పు 1.79 మీటర్లు) మిగిలేది 71 సెంటీమీటర్లు, అదీ అద్దాలు కలపకుండా. తలుపు తెరుచుకునేదీ, మనిషి దిగేదీ ఆ సందులోనే. గడికి ఒకవైపు పిల్లరు వస్తే అదీ ఉండదు. మన తలుపుల మీది సొట్టల్లో చాలావాటికి పక్కింటివాళ్ళ నిర్లక్ష్యం కారణం కాదు. కార్లు వెడల్పయ్యాయి, గళ్ళు వెడల్పవలేదు.

మరి గళ్ళనే పెంచొచ్చు కదా? పెంచితే ఆ చోటు ఎక్కడ్నుంచి రావాలి? ఢిల్లీ మాస్టర్ ప్లాన్ 2021 ప్రకారం ఒక కారుకి, తిరిగే దారితో కలిపి, ఆరుబయట 23, స్టిల్ట్‌లో 28, బేస్‌మెంట్‌లో 32 చదరపు మీటర్లు లెక్కగడతారు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద పట్టణంలో పేద కుటుంబానికి కట్టే ఇంటి కార్పెట్ ఏరియా పరిమితి మొదట్లో 30 చదరపు మీటర్లుగా ఉండేది. రెండు కొలతలూ అచ్చంగా ఒకటి కావు. ఒకదాంట్లో దారి కలిసింది, రెండోది గోడల మధ్య జాగా మాత్రమే. అయినా ఆ రెండంకెలు పక్కపక్కన చూశాక నాకు కాసేపు ఏమీ తోచలేదు. డోనాల్డ్ షూప్ 2005లో రాసిన ‘ద హై కాస్ట్ ఆఫ్ ఫ్రీ పార్కింగ్’లో కార్లు తమ జీవితంలో 95 శాతం ఆగే ఉంటాయంటాడు. ఊరికే నిలబడి ఉండటానికి ఇంత జాగా.

ఆ జాగా ఎవరిది అన్న ప్రశ్న కోర్టుదాకా కూడా వెళ్ళింది. 2010 ఆగస్టు 31న నహల్‌చంద్ లాలూచంద్ కేసులో సుప్రీంకోర్టు, మహారాష్ట్ర ఫ్లాట్ల చట్టం కింద, స్టిల్ట్ కింది పార్కింగ్ ‘గరాజ్’ కిందకి రాదనీ, దాన్ని బిల్డరు విడిగా అమ్ముకోవడానికి లేదనీ, అది అందరి ఉమ్మడి చోటనీ చెప్పింది. నిజాం కాలంలో గరాజంటే గోడలు. ఇప్పుడు పిల్లర్లూ, నేల మీద ఫ్లాట్ నంబరూ మాత్రమే. ఉమ్మడి చోటులో సొంత వస్తువు పెట్టుకున్నాం కాబట్టి గోడ చేయాల్సిన పని మళ్ళీ ఒక మనిషికి అప్పగించాం. రివర్స్ తీస్తుంటే వెనక నిలబడి ‘రానీ, రానీ’ అనడం, పొద్దున్నే తడిగుడ్డతో తుడవడం, గీత పడితే మాట పడటం. 1920ల్లో పోయాడనుకున్న క్లీనరు మన సెల్లార్లలో మెట్ల కింద గదిలో కాపురముంటున్నాడు. మా వాచ్‌మన్ కుటుంబం నలుగురు ఉండే గది నా కారు గడి కంటే చిన్నది. ఇన్నేళ్ళలో నేను కొలిచింది కారు గడినే. ఆ గదిని మొన్నటిదాకా కొలవలేదు.

*

ఇక ఆ గీత. మర్నాడు టేపు పట్టుకుని కిందికి వెళ్ళాను. నేల నుంచి గీత ఎత్తు 58 సెంటీమీటర్లు. సైకిలు హ్యాండిలు, పెడలు, క్యారేజీ, ఏదీ ఆ ఎత్తుకి రాలేదు. పక్క ఫ్లాట్ వాళ్ళ కారు తలుపు అంచూ కలవలేదు. పిల్లరుకి అటువైపు వెళ్ళి ఫోను టార్చి వేసి చూస్తే, సిమెంటు అంచు మీద సరిగ్గా అదే ఎత్తులో తెల్ల పెయింటు. ముందు రోజు రాత్రి వానలో, ఫోన్లో మీటింగ్ నడుస్తుండగా నేనే లోపలికి తిప్పాను. సెన్సరు కూత కూడా వినిపించే ఉంటుంది. వినలేదు.

వాచ్‌మన్ గది దగ్గరికి వెళ్ళి, ‘నిన్న మీ మీద అరిచాను, తప్పు నాదే, నేనే పిల్లరుకి రాశాను’ అన్నాను. ‘మీరు’ అనడానికి నాలుక కొంచెం తడబడింది. ఆయన ‘తెల్సు సార్’ అన్నారు. ‘రాత్రి సప్పుడు ఇన్నా.’

డెంటింగ్ షాపులో తలుపు మొత్తానికీ పెయింటు వేయాలన్నారు. వేయించలేదు. కారుని గడిలో ఇంకో జానెడు కుడికి జరిపి పెడుతున్నాను. అటువైపు తలుపు తీసుకోవడం కొంచెం కష్టమే. పిల్లరు పక్కన దొరికిన సందులో అబ్బాయి సైకిలు పెట్టుకుంటున్నాడు.