‘ఫరవాలేదు’: ఒక న్యూనోక్తి చరిత్ర

ఉన్నదానిని ఉన్నంతగా చెప్పక తగ్గించి చెప్పడం న్యూనోక్తి. కావ్యాలలోకంటె నిత్యవ్యవహారంలోనే దీని ప్రాచుర్యం అధికం. తెలుగులో ఇందుకు చక్కని నిదర్శనం ‘ఫరవాలేదు’.

‘పర్వా’ పారసీక పదం. చింత, లక్ష్యం దాని అర్థాలు. గోల్కొండను కుతుబ్‌షాహీలు (1518–1687), అనంతరం హైదరాబాదును అసఫ్‌జాహీలు పాలించిన కాలంలో పారసీక, ఉర్దూ పదాలనేకం తెలుగులో చేరాయి. ఇటువంటి అన్యదేశ్యాల విస్తృతిని గుర్తించిన సి.పి. బ్రౌన్ 1854లో వాటికి ప్రత్యేక నిఘంటువునే వెలువరించాడు.

పదం అన్యదేశ్యమైనా దానికి చేరిన ‘లేదు’ తెలుగుది. అర్థభేదానికి మూలం ఇక్కడే ఉంది. పారసీక ఉపసర్గతో ఏర్పడిన ‘బేపర్వా’ నిర్లక్ష్యాన్ని నిందిస్తుంది. ‘ఫరవాలేదు’ మూలార్థంలో ‘చింత లేదు’ అనే అభయం. వ్యవహారంలో అది ‘బాగానే ఉంది’ అనే మితమైన మెప్పు కూడా. తమిళ ‘పరవాయిల్లై’, కన్నడ ‘పరవాగిల్ల’ సైతం ఇదే దారి పట్టాయి కనుక దీనిని తెలుగుకు మాత్రమే పరిమితమైన పరిణామంగా భావించరాదు.

కోడలి వంటను గురించి అత్తగారు అంటే ఈ మాట ప్రశంస. పొరపాటున కాలు తొక్కినవారితో అంటే క్షమ. జ్వరపీడితుడు అంటే బాధను దాచుకోవడం. వక్తృశ్రోతల సంబంధమే అర్థాన్ని నిర్ణయిస్తుంది.

మౌఖిక చరిత్రను సేకరించే పరిశోధకులకు ఈ వివేచన అత్యవసరం. కరవు రోజులను తలచుకొంటూ ఒక వృద్ధురాలు ‘ఏదోలే, ఫరవాలేదు’ అన్న మాటను ‘ఇబ్బంది లేదు’ అని నమోదు చేస్తే, ఆమె దిగమింగిన ఆకలి చరిత్రకెక్కకుండానే పోతుంది.